అటక మీద గ్రామఫోను దొరికిందా? మోగించే ముందు ఇది చదవండి

“తాతగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద గ్రామఫోనూ, ఒక పెట్టెడు ప్లేట్లూ దొరికాయి. కీ ఇస్తే తిరుగుతోంది. మోగించొచ్చా?” అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ వెంటనే “ముళ్లు ఎక్కడ దొరుకుతాయి?” అంటారు. కొన్నాళ్లకి మళ్లీ వస్తారు. “మోగించాం, గరగర తప్ప పాట వినపడట్లేదు. ప్లేటు పోయినట్టేనా?” మూడింటికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

గ్రామఫోను పాడైతే బాగుచేయించుకోవచ్చు. స్ప్రింగు తెగితే వేరేది వేయించొచ్చు, చెక్క ఊడితే అతికించొచ్చు. ప్లేటు సంగతి అలా కాదు. గాడి ఒకసారి అరిగిందంటే అందులోని గొంతు మళ్లీ రాదు. మీ ఇంట్లో ఉన్న నాటక పద్యాల ప్లేటుకి ఇంకో కాపీ ఎక్కడా మిగిలి ఉండకపోవచ్చు కూడా. అందుకే కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం ప్లేటును కాపాడటం గురించే. “మా చిన్నప్పుడు ఒకే ముల్లుతో పది పాటలు వినేవాళ్లం” అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. నిజమే. ఆ ప్లేట్లు ఇప్పుడు గరగరమంటున్నది అందుకే.

కావలసినవి

• కొత్త స్టీలు ముళ్లు, కనీసం ఒక వంద. గ్రామఫోను ముళ్లు అని వెతికితే ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పాత రేకు డబ్బాలో సీలు తీయని ముళ్లుంటే, తుప్పు లేకపోతే, అవీ పనికొస్తాయి.
• కుట్టుమిషను నూనె, ఒక చిన్న సీసా.
• మెత్తటి బ్రష్షు, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు.
• డిస్టిల్డ్ వాటర్ (ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే), గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క.
• టార్చిలైటు, భూతద్దం, వీడియో తీసే సెల్‌ఫోను.
• ప్లేట్లకి కొత్త కాగితపు కవర్లు.

దగ్గరికి రానివ్వకూడనివి కూడా చెప్తాను. కొబ్బరినూనె, స్పిరిట్, శానిటైజర్, గుండుసూదులు. కొబ్బరినూనె కొన్నాళ్లకి జిగురుగా మారి మోటారుని బిగదీసేస్తుంది. స్పిరిట్ సంగతి ఆరో మెట్టులో వస్తుంది.

1. మీ దగ్గరున్నది ఎలాంటి మెషినో చూడండి

మన ఇళ్లలో ఎక్కువగా దొరికేది సూట్‌కేసు లాంటి పోర్టబుల్ మోడల్. హెచ్.ఎం.వి. 101 (1925 నుంచి), 102 (1931 నుంచి) ఈ కోవలోవే. బాకా బయటికి కనపడదు, పెట్టె లోపలే ఉంటుంది. మూత తెరిచి ఉంచితేనే శబ్దం సరిగ్గా బయటికొస్తుంది. కొందరు దుమ్ము పడుతుందని మూత సగం దించి వింటారు. అలా చేయకండి.

పెద్ద ఇత్తడి బాకా, నగిషీ చెక్కిన పెట్టె, దాని మీద తళతళలాడే హెచ్.ఎం.వి. గుర్తు కుక్కబొమ్మ స్టిక్కరు ఉంటే కాస్త అనుమానించాలి. ముంబై చోర్ బజార్‌లోనూ, ఢిల్లీలోనూ, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనూ కనపడే ఇలాంటి వాటిలో చాలా మటుకు ఈమధ్య తయారైనవే. ఏదో పాడైన పోర్టబుల్ నుంచి మోటారు తీసి కొత్త పెట్టెలో బిగిస్తారు. ముల్లుని మోసే చేయి, అంటే టోన్ ఆర్మ్, సరైన చోట ఉండదు. ముల్లు గాడిలో వంకరగా నడిచి ప్లేటుని కోసేస్తుంది. హాల్లో అలంకారానికి పెట్టుకోండి, చక్కగా ఉంటుంది. ప్లేటు మాత్రం వేయకండి.

2. ప్లేటు ఏ రకమో తేల్చుకోండి

అన్నిటికన్నా పెద్ద నష్టం జరిగేది ఇక్కడే. నల్లగా, గుండ్రంగా ఉన్నవన్నీ గ్రామఫోను ప్లేట్లు కావు. 78 ఆర్‌పీఎం ప్లేటు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేది, బరువుగా, బిరుసుగా ఉంటుంది. వంచబోతే విరుగుతుంది. గాళ్లు కంటికి వెడల్పుగా కనపడతాయి. సాధారణంగా 10 అంగుళాలు, ఒక పక్క మూడు నిమిషాల పాట. 12 అంగుళాలవైతే నాలుగు నిమిషాలు దాటుతుంది.

1948లో ఎల్‌పీలు, 1949లో 45 ఆర్‌పీఎం రికార్డులు వచ్చాయి. అవి వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. తేలిగ్గా ఉంటాయి, కాస్త వంగుతాయి. మన ఇళ్లలో 7 అంగుళాల సినిమా పాటల ఈపీలు బోలెడుంటాయి, వాటి మీద 45 అని రాసి ఉంటుంది. వాటిని కీ ఇచ్చే గ్రామఫోను మీద వేస్తే ఒక్కసారికే పోతాయి. గ్రామఫోనులో ముల్లు బిగించే డబ్బీ, అంటే సౌండ్ బాక్సు, బరువు దాదాపు వంద గ్రాముల పైమాటే. ఎల్‌పీ ముల్లు మోపే బరువు రెండు మూడు గ్రాములు. ఇక చెప్పేదేముంది.

లేబుల్ మీద ఏమీ రాసి లేకపోతే గాళ్లు చూడండి. వేలిగోరు ఆనించి మెల్లగా జరిపితే 78 ప్లేటు గాళ్లు గరుగ్గా తగులుతాయి, వినైల్ నున్నగా జారిపోతుంది. ఇంకా అనుమానంగా ఉంటే వేయకండి.

ఇప్పుడు 78 ప్లేట్లని కూడా రెండు దొంతర్లు చేయండి. ఒక పక్క మాత్రమే గాళ్లున్నవీ, కుక్కబొమ్మ బదులు దేవదూత బొమ్మ ఉన్నవీ, లేబుల్ మీద హానోవర్ పేరున్నవీ బాగా పాతవి. గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ లాంటి వాళ్ల పాటలు రికార్డు చేసుకుని వెళ్లాడు. అప్పట్లో ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాకే ఇక్కడ తయారవడం మొదలైంది. ఆ తొలి ప్లేట్లలో పాట చివర గాయని తన పేరు తానే చెప్పుకోవడం వినపడుతుంది. అది రికార్డింగు లోపం కాదు, ఎవరి పాటో ఫ్యాక్టరీ వాళ్లకి తెలియడానికి చేసిన ఏర్పాటు. ఇవీ, నాటక పద్యాలూ, హరికథలూ, ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు లాంటి కచేరీ ప్లేట్లూ ఒక పక్కన పెట్టండి. వీటిని గ్రామఫోను మీద వేయకండి. వీటి కోసం చివర్లో వేరే పద్ధతి ఉంది.

రెండో దొంతరలో విరివిగా అమ్ముడుపోయిన సినిమా పాటలు ఉంచండి. అందులోంచి గీతలు పడి, లేబుల్ చిరిగిన ప్లేటు ఒకటి తీయండి. అది బలిప్లేటు. పరీక్షలన్నీ దాని మీదే.

3. కీ ఇచ్చి చూడండి, ప్లేటు లేకుండా

ముందు బ్రేకు వేసి ఉంచండి. కీని గడియారం ముళ్లు తిరిగే వైపే తిప్పండి. చాలా మెషిన్లలో వెనక్కి తిప్పితే కీ మర విడినట్టు ఊడి చేతికి వస్తుంది, విరిగిందని కంగారు పడొద్దు. పిడిని గట్టిగా పట్టుకోండి. లోపల పళ్లచక్రం అరిగి ఉంటే కీ ఒక్కసారిగా వెనక్కి తిరిగి మణికట్టుకి కొడుతుంది. పిల్లల చేతికి మొదటిసారే ఇవ్వకండి.

తిప్పుతున్నకొద్దీ బిగువు పెరగాలి. గట్టిగా తగలగానే ఆపేయండి. “ఫుల్లుగా ఇస్తే స్ప్రింగు తెగుతుంది” అన్న భయం చాలామందికి ఉంటుంది. ఏళ్ల తరబడి గ్రీజు ఎండిపోయిన స్ప్రింగుతో ఆ భయం సబబే. బాగుచేసిన దాంతో అంత టెన్షన్ అక్కర్లేదు, బలవంతం చేయకపోతే చాలు.

ఇక చెవి పెట్టి వినండి.
• ఎంత తిప్పినా బిగువు రాకపోతే స్ప్రింగు తెగింది.
• తిరుగుతున్నప్పుడు లోపల ధబ్, ధబ్ అని కొట్టుకుంటూ పెట్టె అదిరితే స్ప్రింగు డబ్బాలో గ్రీజు గడ్డకట్టి చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి.
• సన్నగా గుర్‌ర్ మని ఒకే స్థాయిలో వినపడితే అది మామూలే.
• ప్లేటు పెట్టే పళ్లెం తిరుగుతూ తిరుగుతూ వేగం పెరిగి తగ్గుతుంటే, వేగాన్ని అదుపుచేసే గవర్నర్‌కి నూనె లేదు.

మొదటి రెండింటికీ మీరు చేయగలిగింది ఏమీ లేదు, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. స్ప్రింగు డబ్బా మూత ఇంట్లో విప్పొద్దు. కొన్ని గజాల ఉక్కు పట్టీ అందులో చుట్టి బిగించి ఉంటుంది, జారిందంటే వేళ్లు తెగుతాయి. ఈ విషయంలో యూట్యూబ్ చూసి ధైర్యం చేసేవాళ్లంటే నాకు నిజంగా భయం. గడియారాలు బాగుచేసే పాతకాలపు మనిషి మీ ఊళ్లో ఉంటే ఆయనకి ఈ పని తెలిసే అవకాశం ఎక్కువ. గ్రాఫైటు కలిసిన గ్రీజు వేయమని చెప్పండి.

4. నూనె వేయండి, అదీ కొంచెమే

ముందు స్ప్రింగు పూర్తిగా వదులు కానివ్వాలి. బ్రేకు తీసి పళ్లెం దానంతటది ఆగేదాకా తిరగనివ్వండి. స్ప్రింగు బిగిసి ఉండగా మోటారు మేకులు విప్పకూడదు. మోటారు పలక పైకి లేపితే ఒక పక్కన మూడు చిన్న బరువులు, వాటిని పట్టుకున్న పలుచటి పట్టీలు కనపడతాయి. అదే గవర్నర్. దాని పళ్లేనికి ఆనుకుని ఒక చిన్న తోలు లేదా ఫెల్టు ముక్క ఉంటుంది. అది ఎండి రాయిలా అయిపోయి ఉంటుంది, రెండు చుక్కలు నూనె తాగించండి. ఇరుసులు తిరిగే చోటల్లా ఒక్కో చుక్క. పళ్లెం మధ్యలో ఉన్న నిలువు ఇరుసుకి ఒక చుక్క. అంతే. ఎక్కువైతే కారి పళ్లెం కింద గుడ్డకి అంటుకుంటుంది, అక్కడినుంచి ప్లేటుకి. తుప్పు వదలడానికి కొట్టే స్ప్రేలు దీనికి నూనె కావు, నాలుగు రోజుల్లో ఎండిపోతాయి.

5. సౌండ్ బాక్సు: అసలు వ్యవహారం ఇక్కడే

పాట బాగా వినపడకపోవడానికీ, ప్లేటు అరగడానికీ ఎక్కువసార్లు కారణం ఇదే. అయినా జనం దీన్ని ముట్టుకోకుండా ముల్లు మార్చి, మోటారు మార్చి, చివరికి ప్లేటుని తిడతారు.

టోన్ ఆర్మ్ చివర ఉన్న గుండ్రటి డబ్బీయే సౌండ్ బాక్సు. ముల్లు గాడిలో అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపు ఒక సన్నటి కడ్డీ ద్వారా లోపలి పలుచటి పొరకి చేరుతుంది, పొర అదిరి శబ్దం చేస్తుంది. ఆ పొర పాత రకాల్లో అభ్రకం, తర్వాత వచ్చిన వాటిలో అల్యూమినియం. అభ్రకం అంటే గూడూరు వైపు వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. పొర అంచు చుట్టూ, చాలా రకాల్లో, రబ్బరు రింగులుంటాయి. అవి ఇన్నేళ్లకి గట్టిపడిపోతాయి. పొర కదలదు, కదలని పొరని ముల్లు లాగాలి, లాగలేక గాడి గోడని గీకుతుంది.

పరీక్షలు మూడు.

మొదటిది, ముల్లు బిగించి, ముల్లు కొనని వేలితో ఒక వెంట్రుకవాసి పక్కకి నెట్టి వదలండి. మెత్తగా కదిలి వెనక్కి రావాలి. మేకు పట్టుకున్నట్టు బిగుసుకుని ఉంటే రబ్బరు పోయింది. ఇటూ అటూ లొడలొడలాడుతుంటే కడ్డీ వదులైంది.

రెండోది, ముల్లు కొన మీద వేలు మెల్లగా రాయండి. బాకాలోంచి స్పష్టంగా, గట్టిగా బర్ మని వినపడాలి. నీరసంగా వినపడినా, దాంతోపాటు జీరగా జీ అని వచ్చినా పొర అంచు దగ్గర గాలి పోతోందని అర్థం.

మూడోది, టార్చి వేసి చూడండి. అభ్రకం పొరలు పొరలుగా విడిపోయిందా, మధ్యలో కడ్డీ అతికిన చోట మైనం రాలిపోయిందా? డబ్బీ వెనకభాగం పగుళ్లు తేలి ఉబ్బిందా? చౌక జింకు మిశ్రమంతో పోతపోసినవి కాలం గడిచేకొద్దీ ఇలా ఉబ్బి పగులుతాయి, వాటికి మందు లేదు. వేరే సౌండ్ బాక్సు చూసుకోవాల్సిందే.

అభ్రకం రకానికి రబ్బరు రింగుల బదులు సన్నటి సిలికాన్ ట్యూబు కోసి వేస్తారు. చేతిపని తెలిసిన వాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు. మేకులు విప్పే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. పొరని వేలితో నొక్కకండి. అల్యూమినియం రకంలో కడ్డీ చిన్న చిన్న బాల్స్ మీద తిరిగేవి ఉంటాయి, విప్పితే అవి నేల మీద దొర్లి మంచం కిందకి పోతాయి. దాన్ని తెలిసినవాళ్లకి ఇవ్వండి.

సౌండ్ బాక్సు బాగయ్యేదాకా ఒక్క ప్లేటు కూడా, బలిప్లేటు తప్ప, వేయకండి.

6. ప్లేటు కడగండి

ఈ ప్లేట్లలో ఉన్నది లక్క, దాంతోపాటు మెత్తగా నూరిన రాతిపొడి, నలుపు కోసం మసి. లాడ్ బజార్‌లో గాజులు చేసే లక్కే. వేడి తగిలితే మెత్తబడుతుంది, స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఆల్కహాల్ ఉన్న ఏ ద్రవమూ, శానిటైజర్ తడిసిన చేయి కూడా, ప్లేటుకి తగలకూడదు. వినైల్ రికార్డుల కోసం అమ్మే క్లీనర్లలో కొన్నిటిలో ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద చదవండి.

ముందు పొడి బ్రష్షుతో గాళ్ల వెంబడి, అంటే గుండ్రంగా, దుమ్ము దులపండి. అడ్డంగా రుద్దొద్దు. వానాకాలంలో పట్టిన బూజు ఉంటే ఇది ఆరుబయట చేయండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్ ఒక గ్లాసులో లిక్విడ్ ఒక్క చుక్క కలిపి, గుడ్డ తడిపి పిండి, అదే దిశలో తుడవండి. రెండో గుడ్డతో ఉత్త నీళ్లతో ఇంకోసారి. లేబుల్ తడవకూడదు. నీళ్లలో నానబెట్టకూడదు, అంచు పెచ్చులు లేచిన చోట నీరు దిగి పొర ఉబ్బుతుంది. నిలువుగా ఆనించి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే అరగంటలో అప్పడంలా వంకర్లు తిరుగుతుంది.

ఆరాక మధ్య రంధ్రంలో వేలు పెట్టి ప్లేటుని వేలాడదీసి, అంచు మీద ఇంకో వేలి కణుపుతో మెల్లగా తట్టండి. ఖంగుమంటే బాగుంది. డొల్లగా పలికితే ఎక్కడో వెంట్రుకంత పగులుంది. ఆ ప్లేటుని గ్రామఫోను బరువు కింద పెట్టొద్దు.

7. ముల్లు బిగించండి

ఒక పక్కకి ఒక ముల్లు. ప్లేటు తిరగేస్తే కొత్త ముల్లు. దీన్ని పిసినారితనంతో తప్పించుకోవాలని చూడని ఇల్లు లేదు. ఎందుకో తెలిస్తే మానేస్తారు. ప్లేటులోని రాతిపొడి ఊరికే కలపలేదు. మొదటి నాలుగైదు చుట్లలోనే అది ముల్లు కొనని అరగదీసి గాడికి సరిపడే ఆకారం తెస్తుంది. అందుకే ఆ స్టీలు కావాలనే మెత్తగా చేస్తారు. మూడు నిమిషాలయ్యేసరికి కొనకి రెండు పక్కలా చదును వస్తుంది. వాడిన ముల్లుని భూతద్దం కింద టార్చి వెలుగులో తిప్పి చూడండి, కొన దగ్గర అద్దంలా మెరిసే చిన్న చదును కనపడుతుంది. దాని అంచులు ఉలి లాంటివి. అదే ముల్లు ఇంకో కోణంలో బిగించి ఇంకో ప్లేటు మీద పెడితే ఆ అంచు గాడిని చెక్కుకుంటూ పోతుంది.

ముల్లుని సాకెట్లో చివరిదాకా తోసి మర బిగించండి. పక్కనుంచి చూస్తే ముల్లు ప్లేటుకి 60 డిగ్రీల వాలులో, తిరిగే దిశకి ఒరిగి ఉండాలి. నిటారుగా ఉంటే గీకుతుంది. సౌండ్ బాక్సు టోన్ ఆర్మ్ మీద మెలిక తిరిగి ఉంటే ఎదురుగా చూసినప్పుడు ముల్లు ఓ పక్కకి ఒరిగి కనపడుతుంది, సరిచేయండి.

డబ్బాల మీద సాఫ్ట్, మీడియం, లౌడ్ అని ఉంటుంది. గ్రామఫోనుకి వాల్యూమ్ బటన్ ఉండదు కాబట్టి శబ్దం తగ్గించేది ముల్లే. సన్నటి సాఫ్ట్ ముల్లు ప్లేటుకి మంచిది, గదిలో వినడానికి అది చాలు. లౌడ్ ముళ్లు పెళ్లి పందిళ్ల కోసం అనుకోండి. గుండుసూది, కుట్టుసూది మాత్రం పెట్టొద్దు. వాటి గట్టిదనం వేరు, లావు వేరు. సాకెట్లో కదులుతాయి. వాడేసిన ముళ్లు వేరే డబ్బాలో వేసి పారేయండి. కొత్తవాటిలో కలిస్తే కంటికి తేడా తెలియదు.

8. వేగం సరిచూడండి

బలిప్లేటు కింద అంచు దగ్గర చిన్న కాగితం ముక్క బయటికి పొడుచుకొచ్చేలా పెట్టండి. కీ పూర్తిగా ఇచ్చి, ముల్లు గాడిలో పెట్టి, పాట నడుస్తుండగా ఫోనులో 30 సెకన్లు వీడియో తీయండి. కాగితం 39 సార్లు తిరగాలి. ముల్లు పెట్టకుండా లెక్కపెట్టడం అందరూ చేసే పొరపాటు. ముల్లు బరువు పడగానే వేగం తగ్గుతుంది, మీరు పెట్టిన లెక్క వృథా.

ఇంకా కచ్చితంగా కావాలంటే వేగం చూడటానికి వాడే, 77 గీతలున్న స్ట్రోబోస్కోప్ కాగితం ప్రింటు తీసి ప్లేటు మీద పెట్టండి. మన 50 హెర్ట్జ్ కరెంటుతో, పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు కింద, గీతలు కదలకుండా నిలబడినట్టు కనపడితే వేగం నిమిషానికి 77.92. ఎల్‌ఈడీ లైటు కింద ఇది చాలాసార్లు పనిచేయదు. గీతలు తిరిగే దిశలోనే ముందుకి పోతుంటే వేగం ఎక్కువ, వెనక్కి పోతుంటే తక్కువ. పళ్లెం పక్కన ఉన్న చిన్న మీట లేదా మరతో సరిచేయండి.

1925కి ముందు, అంటే మైకు లేకుండా బాకాలోకి పాడించిన రోజుల ప్లేట్లు అన్నీ 78 వేగంలో ఉండవు. కొంచెం అటూ ఇటూ ఉంటాయి. ఆడగొంతు చిన్నపిల్ల గొంతులా, మగగొంతు ఎలకలా వినపడితే వేగం తగ్గించి చూడండి.

9. ఇప్పుడు మోగించండి

పెట్టె కదలని బల్ల మీద, సమతలంగా. కీ పూర్తిగా. బ్రేకు తీసి పళ్లెం వేగం అందుకునేదాకా ఆగండి. ముల్లుని బయటి అంచున దించండి, పడేయకండి. పాత ప్లేట్లకి ముల్లుని లోపలికి నడిపించే గాడి ఉండదు, వేలితో ఆర్మ్‌ని కాస్త లోపలికి జరపాలి. పాట మధ్యలో కీ ఇవ్వొద్దు, ఆ కుదుపుకి ముల్లు గాళ్లు దాటుతుంది. పాట అయిపోగానే ఆర్మ్ ఎత్తండి. ఆటో బ్రేకు ఉన్నవి తామే ఆగుతాయి, లేనివాటిలో చివరి గాడిలోనే ముల్లు తిరుగుతూ ఉంటుంది. వంటింట్లోకి వెళ్లి మర్చిపోతే ఆ గాడి గతి అంతే.

10. ఫలితం ఎలా చూడాలి

పాట అయ్యాక ప్లేటుని టార్చి వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. ముల్లు నడిచిన మేర బూడిదరంగు పొడి కొంచెం ఉంటే అది ముల్లుదీ, పాత దుమ్ముదీ. పొడి నల్లగా, ఎక్కువగా ఉంటే, నల్లగా మెరవాల్సిన గాడి తెల్లబారితే, సౌండ్ బాక్సు బిగుసుకుని ఉంది. వెంటనే ఆపి అయిదో మెట్టుకి వెళ్లండి. ముల్లుని కూడా చూడండి. కొన రెండు పక్కలా సమానంగా అరగాలి. ఒకవైపే అరిగితే ఒరిగి ఉందని అర్థం.

ఇంకో పరీక్ష: పాట మొదట్లోనూ, చివర్లోనూ వేగం లెక్కపెట్టండి. ఒక్క కీతో 10 అంగుళాల ప్లేటు ఒక పక్క పూర్తిగా, వేగం తగ్గకుండా నడవాలి. చివరికొచ్చేసరికి పాట సాగిపోతుంటే స్ప్రింగు నీరసించింది, లేదా గ్రీజు పోయింది.

తరచూ వచ్చే ఫిర్యాదులు

“పాట వస్తోంది గానీ గట్టి స్వరాల దగ్గర బర్రుమంటోంది.” రెండు కారణాలు. కొత్త ముల్లుతో, బాగున్న ఇంకో ప్లేటుతో కూడా అలాగే వస్తే సౌండ్ బాక్సు. ఈ ప్లేటుకే వస్తే గాడి ఎప్పుడో అరిగిపోయింది, గట్టిగా పాడిన చోటే గోడలు ముందు అరుగుతాయి.

“ఒకేచోట టక్, టక్ అంటూ తిరుగుతోంది.” చుట్టుకి ఒకసారి టక్ అంటే పగులు. అదే లైను మళ్లీ మళ్లీ పాడుతుంటే గాడి గోడ విరిగింది. వేలితో ఆర్మ్‌ని ముందుకి తోసే అలవాటు మానండి, ఆ చోట ఎత్తి దాటించండి.

“ప్లేటు వంకర తిరిగింది.” రెండు మందపాటి అద్దాల మధ్య పెట్టి, చల్లటి చోట, పైన నాలుగు పుస్తకాల బరువుతో రోజుల తరబడి వదిలేయండి. ఓవెన్‌లో పెట్టి సరిచేయమనే సలహాలు తిరుగుతుంటాయి. ఉన్న ప్లేటు కూడా పోగొట్టుకోవాలనుకుంటేనే అది చేయండి.

పక్కన పెట్టిన అరుదైన ప్లేట్ల కోసం

వాటిని 78 వేగం ఉన్న కరెంటు టర్న్‌టేబుల్ మీద వినండి. ఇక్కడా ఒక మెలిక ఉంది. టర్న్‌టేబుల్‌తో వచ్చే ముల్లు ఎల్‌పీల కోసం చేసినది, దాని కొన 0.7 మిల్ దగ్గర ఉంటుంది (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). 78 గాడి అంతకి చాలా వెడల్పు, ముల్లు అడుక్కి పడి దుమ్ములో దొర్లుతుంది. గరగర తప్ప ఇంకేమీ రాదు. దీనికి 3 మిల్ కొన ఉన్న 78 ముల్లు విడిగా కొనాలి. ఆడియో టెక్నికా, ఆర్టోఫాన్ లాంటి వాళ్లు అమ్ముతారు. బరువు ఆ ముల్లు కాగితం మీద చెప్పినంతే పెట్టండి, గ్రాముల్లోనే ఉంటుంది. సూట్‌కేసు ఆకారంలో అమ్మే కొత్త చవక ప్లేయర్లలో 78 స్విచ్ ఉంటుంది గానీ ముల్లు మాత్రం ఎల్‌పీదే. మీ ఇంట్లో పాత కరెంటు రికార్డు ప్లేయర్ ఉంటే ముల్లు ఉండే కార్ట్రిడ్జ్ పక్కన చిన్న మీట ఉందేమో చూడండి. అది తిప్పితే ఎల్‌పీ ముల్లు పోయి 78 ముల్లు కిందకి వస్తుంది.

78 వేగం లేని టర్న్‌టేబుల్ మాత్రమే ఉంటే 45 మీద నడిపించి కంప్యూటర్లో రికార్డు చేసి, ఆడాసిటీలో వేగం 45 నుంచి 78కి మార్చొచ్చు. ఉచిత సాఫ్ట్‌వేరే. స్టీరియోలో రికార్డయితే మోనోకి కలపండి, గరగర కొంత దానంతటదే తగ్గుతుంది. శబ్దం శుభ్రం చేయని ఫైలు ఒకటి వేవ్ రూపంలో అలాగే ఉంచి, కాపీ మీద మాత్రమే నాయిస్ తీయండి. గరగర మొత్తం పోవాలని ఫిల్టర్లు తిప్పితే పాడేవాడి ఊపిరీ, ఫిడేలు కమాను రాపిడీ కూడా పోతాయి.

నలుగురికీ వినిపించాలనుకుంటే, మన చట్టంలో రికార్డింగు మీద హక్కు అది విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. పాట రాసినవారి, స్వరం కట్టినవారి హక్కు వేరు, అది వాళ్లు పోయాక 60 ఏళ్లు. రెండూ చూసుకోండి.

భద్రపరచడం గురించి రెండే మాటలు. ప్లేట్లు దొంతరగా పేర్చొద్దు, పై బరువుకి కిందివి పగులుతాయి. పుస్తకాల్లా నిలువుగా, ఒరిగిపోకుండా, ఒక్కోదానికి ఒక కవరు వేసి, ఎండ పడని అలమరలో పెట్టండి. అటక మాత్రం వద్దు, వేసవిలో అక్కడ ఉండే వేడి లక్కకి పడదు. కవర్లు మార్చేటప్పుడే లేబుల్ రెండు పక్కలా ఫొటో తీసి, కేటలాగు నంబరూ, లేబుల్ పక్క నున్నటి భాగంలో అచ్చైన చిన్న నంబరూ రాసుకోండి. రికార్డు చేసిన ఫైలుకి ఆ నంబరునే పేరుగా పెట్టండి. ‘పాత పాట 1’ అని పెడితే వచ్చే ఏడాదికి ఏది ఏదో మీకే తెలియదు.